దారిదీపాల కథ – 6: దీపం లోపల వాన

ఒకప్పుడు కారు దీపం వెలగాలంటే అందులో నీళ్ళు పోయాల్సి వచ్చేది. ఇప్పుడు అదే దీపంలో నాలుగు చుక్కలు కనబడితే చాలు, ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన బండి ఆపి "అన్నా, లైట్ల నీళ్ళు దిగినయ్, జర చూడు" అంటూ మెకానిక్ ముందు దిగులుగా నిలబడుతున్నారు. నీటితో బతికిన దీపానికి నీరే పగ ఎలా అయింది, ఆ పగ తీర్చుకోవడానికి మనుషులు ఎన్ని వేషాలు వేశారు అన్నది ఈ సంచిక కథ.

నూనె దీపాలతో రాత్రి రోడ్డెక్కిన తొలి మోటార్ల సంగతి ఇదివరకే చెప్పుకున్నాం. వాటి తరవాత వచ్చింది కార్బైడ్ దీపం. 1892లో కెనడాకు చెందిన థామస్ విల్సన్ అమెరికాలోని నార్త్ కరోలినాలో విద్యుత్ కొలిమితో ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయన వెతుకుతున్నది అల్యూమినియంను చవగ్గా తీసే దారి. సున్నాన్నీ తారునూ కలిపి కాలిస్తే అల్యూమినియం సంగతేమో గానీ, గట్టి బూడిదరంగు గడ్డ ఒకటి మిగిలింది. నీళ్ళు తగిలితే అది బుసబుసమంటూ గ్యాస్ వదిలింది. ఆ గడ్డ కాల్షియం కార్బైడ్, ఆ గ్యాస్ అసిటిలీన్. కిలో కార్బైడ్ నుంచి దాదాపు 300 లీటర్ల గ్యాస్ వస్తుంది. దాని మంట తెల్లగా, నూనె వత్తి సిగ్గుపడేంత వెలుగుతో ఉంటుంది.

ఈ దీపం పనితనం చూడముచ్చటగా ఉండేది. పైన చిన్న నీళ్ళ తొట్టి, కింద కార్బైడ్ గది, మధ్యలో మర తిప్పే కుళాయి. మర కాస్త వదులు చేస్తే చుక్క చుక్కగా నీరు దిగుతుంది, గ్యాస్ పుడుతుంది, అగ్గిపుల్ల గీస్తే దీపం వెలుగుతుంది. మర ఎక్కువ తిప్పితే మంట ఎగిసి అద్దం మసిబారుతుంది, తక్కువైతే గుడ్డిగా కొట్టుకుంటుంది. తెల్లారాక డ్రైవరు చేసే మొదటి పని, అడుగున మిగిలిన తడిసున్నం గోకి పారేయడం.

కార్బైడ్ మన వీధులకు కొత్తేమీ కాదు. గ్యాస్ సిలిండర్లు అందుబాటులోకి రాకముందు వెల్డింగ్ షెడ్లలో కార్బైడ్ డ్రమ్ములే ఉండేవి. డ్రమ్ము కడిగినప్పుడు వచ్చే తెల్లటి సున్నపు నీళ్ళు షెడ్డు ముందు కాలవలో పారేవి. మామిడికాయలు మగ్గబెట్టడానికి కార్బైడ్ పొట్లాలు వాడొద్దని ఏటా వేసవిలో అధికారులు చెప్పేదీ ఈ సరుకు గురించే. కాయల తేమ పొట్లంలోకి దిగి, నాటి కారు దీపంలో జరిగిందే పండ్ల బుట్టలోనూ జరుగుతుంది.

ఆ దీపాలు చేసినవాళ్ళు మామూలు వ్యాపారులు కారు. 1909 జులై 25న విమానంలో ఇంగ్లిష్ ఛానల్ దాటిన లూయీ బ్లేరియో అసలు వృత్తి కారు దీపాల తయారీ. అసిటిలీన్ హెడ్‌లైట్ల మీద వచ్చిన లాభాలనే ఆయన విమానాల మీద తగలేశాడు. అమెరికాలో కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్ అనే ఇద్దరు ప్రెస్టోలైట్ పేరుతో అసిటిలీన్‌ను సిలిండర్లకెత్తి కార్లకు అమ్మారు. ఆ డబ్బుతో వాళ్ళు కట్టించిన వాటిలో ఇండియానాపోలిస్ రేస్ ట్రాక్ ఒకటి. స్వీడన్‌లో గుస్తాఫ్ దాలెన్ అసిటిలీన్‌తో వెలిగే సముద్రపు దీపాలను సూర్యుడు ఉదయించగానే వాటంతట అవే ఆరిపోయేలా చేశాడు. 1912లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, అదే ఏడు అసిటిలీన్ పేలుడులో చూపు పోయింది.

హైదరాబాద్‌కు మోటార్లు పరిచయమైందీ ఈ కాలంలోనే. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవాళ్ళు ఆగి చూసే పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దాన్ని చేయించమని ఆర్డరిచ్చి, బండి చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. అదే 1912లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ విద్యుత్ స్టార్టర్‌తో పాటు విద్యుత్ దీపాలనూ బిగించిన కారును మార్కెట్‌లోకి దింపింది. అక్కడి నుంచి కార్బైడ్‌కు రోజులు దగ్గరపడ్డాయి. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలయ్యేనాటికి డైనమో, బ్యాటరీ, బల్బు మామూలైపోయాయి. నీళ్ళ తొట్టి పోయింది.

నీరు మాత్రం పోలేదు. పిలవకుండానే రావడం మొదలుపెట్టింది.

తొలి విద్యుత్ దీపాల్లో బల్బు వెనక గిన్నెలాంటి రిఫ్లెక్టర్, ముందు విడి అద్దం, రెండింటి మధ్య బెండు పట్టీయో నారపట్టీయో ఉండేవి. రిఫ్లెక్టర్ ఇత్తడిది, పైన వెండిపూత. ఆ పట్టీ దుమ్మునూ ఆపలేదు, వానగాలినీ ఆపలేదు. తేమ, గాలిలోని గంధకం కలిసి వెండిని నల్లబరిచేవి. నలుపు వదలాలని తోమితే వెండే అరిగేది. బల్బు కొత్తదైనా రోడ్డు మీద వెలుగు సగం కావడానికి కారణం ఇదేనని కంపెనీలు గుర్తించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

దానికి అమెరికా కనిపెట్టిన మందు మొరటుది, కానీ పని చేసింది. 1940 మోడల్ కార్లతో సీల్డ్ బీమ్ వచ్చింది. ఏడంగుళాల గుండ్రటి దీపం, అద్దం గాజే, వెనక గిన్నె గాజే, లోపల అల్యూమినియం పూత, రెండు గాజుల్నీ కలిపి అతికేశారు. అంటే దీపమంతా ఒకే పెద్ద బల్బు. గాలి చొరబడే సందే లేనప్పుడు తేమ మాటెక్కడిది? ఫిలమెంట్ తెగితే మాత్రం దీపం మొత్తం చెత్తబుట్టలోకే. ఐరోపా వాళ్ళు దీన్ని ఒప్పుకోలేదు. బల్బు మార్చుకునే వీలు వదులుకోవడం వాళ్ళకు నచ్చలేదు, పైగా బీమ్ ఆకారం గురించి వాళ్ళ లెక్కలు వేరు. 1962లో హెచ్1, 1971లో హెచ్4 అనే హాలోజన్ బల్బులు వచ్చాక వాళ్ళ మొండితనానికి ఫలితం దక్కింది.

మన దగ్గర రాజ్యమేలింది ఏడంగుళాల గుండ్రటి దీపమే. 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ మొహం మీద ఆ రెండు కళ్ళు చివరిదాకా మారలేదు. పాత లారీలు, బస్సులు, జీపులు అన్నిటికీ అదే సైజు. రాణిగంజ్ విడిభాగాల బజారులో ఒక దీపం కొంటే పది రకాల బండ్లకు సరిపోయేది. రింగు విప్పితే దీపం చేతికొచ్చేది. అద్దం, రిఫ్లెక్టర్ గట్టిగా అతికి ఉండేవి, బల్బు మాత్రం విడిగా ఉండేది. వెనక బల్బు హోల్డర్ మీద రబ్బరు టోపీ ఊడితేనే తేమ చేరేది, ఎండలో పెట్టి ఆరబెడితే సగం రోగం తగ్గేది. ఉప్పల్‌లో ఆర్టీసీ జోనల్ వర్క్‌షాప్ ఉంది. ఆ చుట్టుపక్కల బస్సుల మీద చెయ్యి తిరిగిన పాతతరం ఎలక్ట్రీషియన్లకు దీపంలో నీళ్ళంటే ఇంతే: రబ్బరు మార్చు, ఎండబెట్టు, బిగించు.

కథ మలుపు తిరిగింది 1983లో, రెండు చోట్ల, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా.

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ప్రభుత్వాన్ని అడిగీ అడిగీ, సీల్డ్ బీమ్ కాకుండా బల్బు మార్చుకునే దీపం పెట్టడానికి ఆ ఏడు అనుమతి తెచ్చుకుంది. 1984 మోడల్ లింకన్ మార్క్ 7తో ఆ దేశంలో కారు ముక్కు వాలును బట్టి దీపం ఆకారం మలచడం మొదలైంది. గాలికి ఎదురు తగ్గితే పెట్రోలు మిగులుతుందన్నది వాళ్ళ వాదన. ఇక్కడ 1983 డిసెంబర్ 14న గుర్గావ్‌లో ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించారు. దాని దీపాలు చదరంగా ఉండేవి. గుండ్రటి ఏడంగుళాల ఏకఛత్రాధిపత్యం కూలడం మొదలైంది అప్పుడే. ఆ తరవాత ఏ కారు దీపం ఆ కారుకే. రాణిగంజ్‌లో "మోడల్ ఏంది, ఏ సంవత్సరం?" అని అడగకుండా లైటు ఇచ్చే రోజులు పోయాయి.

ఆకారాలు వంకర్లు తిరిగేకొద్దీ గాజు పనికిరాకుండా పోయింది. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీ రసాయనవేత్త హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డేనియల్ ఫాక్స్ రోజుల తేడాతో విడివిడిగా కనిపెట్టిన పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ ఆ చోటు తీసుకుంది. రాయి తగిలితే పగలదు, ఎలా వంచితే అలా పోత పోసుకోవచ్చు. ముందు పాలీకార్బొనేట్ అద్దం, వెనక వేరే ప్లాస్టిక్ డబ్బా, రెండింటి మధ్య గాడిలో నల్లటి బ్యూటైల్ జిగురు. ఇవాళ ఉప్పల్ – నాచారం దారిలో తిరిగే దాదాపు ప్రతి కారు దీపమూ ఇదే కట్టడం.

మరి అంత మంచి జిగురు ఉండగా దాన్ని కూడా సీల్డ్ బీమ్ లాగా ఊపిరాడకుండా మూసేస్తే పోలేదా? చాలామంది కారు యజమానులకు వచ్చే అనుమానం ఇదే, కొందరు మెకానిక్‌లు చేసే పొరపాటూ ఇక్కడే మొదలవుతుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. దీపం డబ్బాలో పది లీటర్ల గాలి ఉందనుకుందాం. 30 డిగ్రీల దగ్గర మొదలై, హాలోజన్ బల్బు గంటసేపు వెలిగాక లోపలి గాలి 80 డిగ్రీలకు చేరిందనుకుందాం. బయటికి దారి లేకపోతే లోపలి ఒత్తిడి ఆరో వంతు పెరుగుతుంది. అద్దం వైశాల్యం వెయ్యి చదరపు సెంటీమీటర్లైతే, దాని మీద లోపలి నుంచి పడే తోపుడు సుమారు 170 కిలోల బరువుకు సమానం. రోజూ రెండుసార్లు అంత బరువు తోస్తూ, చల్లారినప్పుడు వెనక్కి లాగుతూ ఉంటే ఏ జిగురు పట్టు ఎన్నాళ్ళుంటుంది? చిన్న సందు ఎక్కడో విచ్చుకుంటుంది. అది ఎక్కడ విచ్చుకుంటుందో ఎవరి చేతిలోనూ ఉండదు. సీల్డ్ బీమ్‌కు ఈ బాధ లేకపోవడానికి కారణం అది చిన్నది, గుండ్రటిది, మందపాటి గాజుది.

అందుకే కొత్త దీపాలకు కంపెనీలే బుద్ధిపూర్వకంగా ముక్కు పెట్టాయి. మెకానిక్‌లు దాన్ని బ్రీదర్ అంటారు. మొదట్లో అది కిందికి వంగిన రబ్బరు గొట్టం మాత్రమే. డబ్బా వెనక పైన ఒకటి, కింద ఒకటి ఉంటే వేడిగాలి ఒకదాంట్లోంచి పోయి చల్లగాలి ఇంకోదాంట్లోంచి వస్తుంది. నీరు పైకెక్కి లోపలికి రాలేదు, ఆవిరి మాత్రం వచ్చిపోగలదు. తరవాత వచ్చిన ఉపాయం ఇంకా సొగసైనది. 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనిపెట్టిన టెఫ్లాన్‌ను 1969లో బాబ్ గోర్ ఒక్క ఊపున లాగి సాగదీస్తే అది కంటికి కనబడని రంధ్రాలున్న పొరగా మారింది. నీటి ఆవిరి ఆ రంధ్రాల్లోంచి సాఫీగా పోతుంది, నీటి చుక్క మాత్రం దూరలేదు. కొండలెక్కేవాళ్ళ వాన కోట్లకు వాడిన ఆ సరుకే గుండీ అంత బిళ్ళగా హెడ్‌లైట్ల వెనక చేరింది. లైటు చేతిలోకి తీసుకుని వెనక వెతికితే తెల్లటి చిన్న స్టిక్కర్‌లా కనిపిస్తుంది. ఏదో లేబులనుకుని పీకేసేవాళ్ళూ ఉన్నారు.

ఊపిరి పీల్చే దీపంలో మబ్బు పట్టడం రోగం కాదు, నైజం. దీని వెనకున్న శాస్త్రాన్ని దీపాల కంటే చాలా ముందే చూసినవాడు ఫ్రాన్స్‌లోని మోంపెల్యే వైద్యుడు చార్ల్ లెరువా. 1751లో ఆయన తేమగాలిని గాజు పాత్రలో మూసిపెట్టి, చల్లబడినప్పుడు లోపలి గోడల మీద మంచు పడడం, వెచ్చబడితే మాయమవడం గమనించాడు. మన హెడ్‌లైట్ ఆయన గాజు పాత్రే, కాకపోతే చక్రాల మీద తిరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళసీసాకు బయట పట్టే చెమట దీపానికి లోపలి వైపు పడుతుంది, అంతే తేడా.

ఎంత నీరు? ఇక్కడే అసలు రోగం తెలిసిపోతుంది. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ నిండిన ఘనమీటరు గాలిలో 30 గ్రాముల ఆవిరి పడుతుంది, 20 డిగ్రీలకు దిగితే 17 గ్రాములే పడుతుంది. పది లీటర్ల దీపంలో ఆ తేడా గ్రాములో ఎనిమిదో వంతు, అంటే రెండు మూడు చుక్కలు. ఆగస్టు రాత్రి వాన వెలిసి తెల్లారేసరికి అద్దం మూలల్లో సన్నటి పొగమంచు కనబడిందంటే దాని మొత్తం సరుకు అంతే. దీపాలు వేసుకుని బండి నడిపితే కాసేపట్లో పోతుంది. అలా కాకుండా అద్దం అడుగున చెంచాడు నీళ్ళు నిలిచి, బ్రేకు వేస్తే ముందుకీ వెనక్కీ ఊగుతున్నాయంటే అవి గాలిలోంచి వచ్చినవి కావు. ఎక్కడో కన్నం ఉంది.

కన్నం ఎక్కడ పడుతుందో తెలియాలంటే ఉప్పల్ నుంచి వరంగల్ దారి పట్టాలి. ఉప్పల్ – నారపల్లి ఫ్లైఓవర్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. తరవాత ఏళ్ళ తరబడి కింది రోడ్డు గుంతలు, దుమ్ము, వానొస్తే బురద. బోడుప్పల్, పీర్జాదిగూడ వాసులకు ఆ దారి తప్పలేదు. గుంతల కుదుపుకు దీపాన్ని పట్టుకునే ప్లాస్టిక్ చెవులు విరుగుతాయి, జిగురు గాడిలో సందు విడుతుంది. దుమ్ము, బురద బ్రీదర్ గొట్టంలో గడ్డకడతాయి. ముక్కు మూసుకుపోయిన దీపం ఊపిరి కోసం ఆ సందునే వాడుకోవడం మొదలుపెడుతుంది.

వేడి దీపం మీద చన్నీళ్ళ దెబ్బ ఇంకోటి. దూరం నుంచి వచ్చిన కారును ఇంజను చల్లారకుండానే వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తారు. 80 డిగ్రీల గాలి 30కి దిగితే ఏడో వంతు కుంచించుకుపోతుంది. పది లీటర్లలో అది లీటరున్నర దాకా. అంత గాలిని దీపం బయటి నుంచి పీల్చుకోవాలి. ఆ క్షణంలో సందు దగ్గర ఉన్నది గాలి కాక ప్రెషర్ పైపు నీరైతే, పీల్చేది దాన్నే.

ఈ లెక్క మొత్తం కళ్ళెదుట జరిగిన రాత్రి 2020 అక్టోబర్ 13. బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి వాన కురిసింది. హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీలు మునిగాయి. ఇంటికి చేరాలని దీపాలు వేసుకుని మోకాలి లోతు నీళ్ళలో దిగిన కార్లలో, వేడి దీపం ఒక్కసారిగా చల్లబడి బ్రీదర్ గొట్టం గుండానే బురదనీరు లాక్కుంది. అలాంటి దీపాన్ని గుర్తుపట్టడం తేలిక. నీరు ఆరాక లోపలి వైపు మట్టిగీత మిగులుతుంది. పాత కారు కొనేవాళ్ళు ఇంజను బానెట్ ఎత్తి చూస్తారు గానీ, హెడ్‌లైట్ లోపల ఆ గీత ఉందేమో వంగి చూసేవాళ్ళు తక్కువ. సీట్లు మార్చినా, కార్పెట్ మార్చినా వరదలో మునిగిన బండి అక్కడ దొరికిపోతుంది.

ఇక చికిత్స. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల చుట్టూ డెంటింగ్, పెయింటింగ్ షెడ్లకు, ఆటో ఎలక్ట్రీషియన్ కొట్లకు కొదవ లేదు. వాటిలో రెండు బళ్ళున్నాయి. ఒకటి "సిలికాన్ కొట్టు" బడి. నీళ్ళు వంపేసి, అద్దం అంచు చుట్టూ ట్యూబులోంచి సిలికాన్ దట్టంగా పూసి, అనుమానం తీరక బ్రీదర్ రంధ్రాల్లో కూడా నింపేస్తారు. వారం దాకా దీపం ముత్యంలా ఉంటుంది. తరవాత లోపల మిగిలిన తేమ బయటికి పోయే దారిలేక పొద్దున్నా సాయంత్రం అద్దానికి అతుక్కునే ఉంటుంది. చవకరకం సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, అది ఎసిటిక్ ఆమ్లం. మూసిన డబ్బాలో ఆ ఆవిరి రిఫ్లెక్టర్ మీది అల్యూమినియం పూతను తింటుంది. ఆ పూత మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. నిజాం కాలపు వెండిపూతకు పట్టిన గతే దీనికీ పడుతుంది.

రెండోది ఓపిక బడి. చాలా కార్లలో బంపరు దింపనిదే లైటు బయటికి రాదు, కాబట్టి సగం పూట అక్కడే పోతుంది. బల్బులు, రబ్బరు మూతలు తీసి పక్కన పెట్టి, అద్దం చుట్టూ ఉన్న గాడి మీద హీట్ గన్ మెల్లగా తిప్పుతాడు మెకానిక్. ఒకేచోట ఆపితే ప్లాస్టిక్ వంకరపోతుంది, అందుకే చెయ్యి ఆగదు. కాసేపటికి నల్ల జిగురు మెత్తబడుతుంది. స్క్రూడ్రైవర్ మొన దూర్చి ఒక మూల ఎత్తగానే జిగురు దారాలు దారాలుగా సాగుతుంది, ఇంకో మూల ఎత్తుతాడు, అద్దం ఊడి చేతికొస్తుంది. రిఫ్లెక్టర్‌ను గుడ్డతో తుడవడు. తుడిస్తే పూత గుడ్డకే వస్తుంది. గాలిపైపుతో ఊది, ఎండలో ఆరబెట్టి, పాత జిగురంతా గీకి, కొత్త బ్యూటైల్ తాడు గాడిలో పరిచి, మళ్ళీ వేడిచేసి అద్దం నొక్కుతాడు. బ్రీదర్ గొట్టంలోంచి తీగ పెట్టి తీస్తే గట్టిపడిన మట్టి ముక్క రాలుతుంది. "గాలి పోయే తొవ్వ బంద్ చేసిన్రు సార్, ఇగ నీళ్ళు ఏడికి పోతయ్?" అని ఈ బడి మెకానిక్ అనే మాటలో పైన చెప్పిన లెక్కలన్నీ ఉన్నాయి.

కొందరు లోపల సిలికా జెల్ పొట్లాలు పడేస్తారు. ఆ గింజలు తమ బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చి ఆగిపోతాయి. కన్నం పూడ్చకుండా పొట్లం వేస్తే అది ఒక్క వానకే నిండిపోతుంది. అడుగున డ్రిల్లుతో రంధ్రం పెట్టి "నీళ్ళు కారిపోతాయి" అనేవాళ్ళూ ఉన్నారు. కారిపోయే మాట నిజమే, ఆ రంధ్రంలోంచి వచ్చే దుమ్ము సంగతి మాత్రం చెప్పరు.

కానీ ఈ పదేళ్ళలో కొత్తగా పుట్టిన రోగానికి కన్నంతో పనిలేదు. వెలుగు చాలడం లేదని హాలోజన్ బల్బు తీసేసి బయట దొరికే ఎల్‌ఈడీ బల్బు వేయిస్తారు. దాని వెనక చిన్న ఫ్యాను, తోక, డబ్బీ ఉంటాయి. అవి దీపం వెనక ఉండే రబ్బరు మూతలో పట్టవు. అప్పుడు మూతకు బెజ్జం కోస్తారు, లేదా మూతే పెట్టకుండా వదిలేస్తారు. బ్రీదర్ పొరకు కంపెనీ ఎంత ఖర్చు పెట్టినా, వెనక చెయ్యి దూరేంత తలుపు తెరిచి పెట్టాక ఏం లాభం? లైట్లో నీళ్ళని వచ్చిన కారుకు మొదట అద్దం కాదు, వెనక మూత చూడాలి. చాలాసార్లు రోగం అక్కడే దొరుకుతుంది, మందు ఖరీదు ఒక రబ్బరు టోపీ.

కంపెనీవే అయిన ఎల్‌ఈడీ దీపాలకు వేరే చిక్కు ఉంది. హాలోజన్ బల్బు సగం పొయ్యి. 55 వాట్లలో ఎక్కువ భాగం వేడిగా ముందుకే కొట్టి అద్దాన్ని ఆరబెట్టేది. ఎల్‌ఈడీ తన వేడిని వెనక ఉన్న అల్యూమినియం రెక్కల్లోకి పంపుతుంది, ముందు అద్దం చల్లగానే ఉంటుంది. అందువల్ల అదే రెండు చుక్కల మంచు ఇదివరకు కాసేపట్లో పోయేది, ఇప్పుడు చాలాసేపు కనబడుతుంది. షోరూముల్లో "కొత్త కారు, లైట్లో నీళ్ళు" అన్న గొడవలకు సగం కారణం ఇదే. తయారీదారులు అద్దం లోపలి వైపు ఒక పూత వేస్తున్నారు. నీరు చుక్కలుగా కాక పలచటి పొరగా పరుచుకుంటుంది, వెలుగు చెదరదు, కంటికీ ఆనదు. నీరు అక్కడే ఉంటుంది, కనబడదంతే. అందుకే ఓపిక బడి మెకానిక్ ఆ అద్దాన్నీ లోపల తుడవడు. చలిదేశాల్లో ఎల్‌ఈడీ అద్దాల మీద మంచు కరగక, సన్నటి తీగలతో అద్దాన్నే వేడిచేసే దీపాలు కూడా వచ్చాయి.

ద్విచక్ర వాహనాలది ఇంకో దారి. 2017 ఏప్రిల్ 1 నుంచి అమ్మే ప్రతి కొత్త బండికీ ఇంజను తిరిగినంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండాలన్నది నిబంధన, ఆపే స్విచ్చే లేదు. ప్రమాదాలు తగ్గించడానికి పెట్టిన ఆ నిబంధన తేమ విషయంలో ఎవరూ అనుకోని పని చేసింది. హాలోజన్ డూమ్ (హెడ్‌లైట్ డబ్బా) ఉన్న స్కూటరు పగలంతా తనను తాను ఆరబెట్టుకుంటూ తిరుగుతుంది. వానలో ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద ఆపి ఇంజను బంద్ చేయగానే మాత్రం వేడి డూమ్ చల్లబడి తడిగాలి పీలుస్తుంది. కారులో పది లీటర్ల గాలి ఉంటే ఇందులో లీటరో, రెండో. మంచు పట్టినా చిన్నది, పోయినా తొందరగా పోతుంది. డూమ్ పగిలితే పుత్లీబౌలిలో కొత్తది దొరుకుతుంది, బ్యూటైల్ తాడుతో ఎవరూ తంటాలు పడరు.

(వచ్చే సంచికలో: ఎదుటివాడి కళ్ళల్లో కొట్టే హైబీమ్ తగాదా)